బందీ రాణి కథ: పాఠకుల అసంతృప్తి, చారిత్రక ఆధారాలు, ఔచిత్య విచారం

ఉపోద్ఘాతం

చారిత్రక నవలపై తెలుగులో వచ్చిన విమర్శ ప్రధానంగా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. నవల చరిత్రకు ఎంతవరకు కట్టుబడి ఉంది? రచయిత కల్పనకు ఎంత చోటు తీసుకున్నాడు? ఈ రెండింటికీ విమర్శకులు శాసనాలు, గ్రంథాలు దగ్గర పెట్టుకొని సమాధానాలు వెతికారు. నవలను చదివిన సామాన్య పాఠకులు ఏమనుకున్నారన్నది మాత్రం పరిశోధనకు అరుదుగానే విషయమైంది. పాఠకుని అభిప్రాయం అతని అభిరుచిని తెలుపుతుందే కాని గ్రంథాన్ని గురించి ఏమీ చెప్పదన్న భావన ఇందుకు కారణం కావచ్చు. ఈ భావనను ఒక ఆంగ్ల నవల ఆధారంగా పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ నవల బ్రిటన్‌కు చెందిన చరిత్ర రచయిత్రి అలిసన్ వీర్ 2010లో ప్రచురించిన ‘ది కాప్టివ్ క్వీన్’. 12వ శతాబ్దపు అక్విటేన్ డచెస్, ఇంగ్లండ్ రాణి ఎలియనోర్ ఇందులో కథానాయిక. వీర్ అంతకు ముందే, 1999లో, ఇదే రాణి జీవిత చరిత్రను రాసింది. చరిత్ర తెలిసిన రచయిత్రి, ప్రసిద్ధమైన ఇతివృత్తం కలిసినా నవలపై పాఠకులు రెండు వర్గాలుగా చీలిపోయారు. మెచ్చినవారి మాటల్లోను, నొచ్చినవారి మాటల్లోను పదేపదే వినిపించే అంశాలను సంక్షేపించి, వాటి వెనుక ఉన్న విమర్శ సూత్రాన్ని గుర్తించే ప్రయత్నం ఇక్కడ జరిగింది. పాఠకులు అనుచితమని భావించిన ఘట్టాలు రాణికి ప్రతికూలంగా రాసిన వృత్తాంతాల నుంచి వచ్చినవి. వారు కొరతగా భావించిన ఘట్టాలకు రాజ్యపు లెక్కల్లోను, రాజకీయ చరిత్రలోను ఆధారాలున్నాయి. కాబట్టి ఔచిత్యాన్ని గురించిన పాఠకుల తీర్పు, వారికి తెలియకుండానే, ఆధారాల విమర్శగా పనిచేసిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

రాణి చరిత్ర: స్థూల రేఖలు

ఎలియనోర్ 1122లో గాని 1124లో గాని జన్మించిందని చరిత్రకారుల అంచనా. 1137లో తండ్రి మరణంతో, నేటి ఫ్రాన్స్ నైరుతి భాగంలోని విశాలమైన అక్విటేన్ సంస్థానానికి ఆమె వారసురాలైంది. అదే ఏడాది ఫ్రాన్స్ యువరాజుతో వివాహం జరిగింది. కొద్ది రోజులకే అతడు ఏడవ లూయీగా రాజయ్యాడు. భర్తతో కలిసి ఆమె రెండవ క్రూసేడ్ యాత్రకు వెళ్ళింది. ఇద్దరు కుమార్తెలు కలిగారు కాని కుమారులు కలగలేదు. 1152 మార్చిలో, వధూవరులు దగ్గరి రక్తసంబంధులన్న కారణంతో ఆ వివాహం రద్దయింది. రెండు నెలలకే ఆమె తనకంటే సుమారు 10 ఏళ్ళు చిన్నవాడైన నార్మండీ డ్యూక్ హెన్రీని పెళ్ళాడింది. అతడే 1154లో రెండవ హెన్రీగా ఇంగ్లండ్ సింహాసనం ఎక్కాడు. ఈ దంపతులకు ఐదుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు.

1173లో పెద్ద కుమారులు ముగ్గురు తండ్రిపై తిరుగుబాటు చేశారు. తల్లి వారి పక్షం వహించింది. పురుష వేషంలో తప్పించుకొని పోతుండగా ఆమె పట్టుబడిందని ఆనాటి వృత్తాంత రచయిత ఒకరు రాశారు. అప్పటి నుంచి 1189 జులైలో హెన్రీ మరణించే వరకు, అంటే దాదాపు 16 ఏళ్ళు, ఆమె భర్తకు బందీ. ఆ నిర్బంధం చాలా భాగం ఇంగ్లండ్‌లోని ఓల్డ్ సారమ్, వించెస్టర్ వంటి చోట్ల గడిచింది. విడుదలయ్యాక కుమారుడు రిచర్డ్ తరఫున రాజ్య వ్యవహారాలు చూసింది. అతడు జర్మనీలో బందీ అయినప్పుడు విడుదలకు కావలసిన ధనాన్ని సమకూర్చడంలో ముఖ్యపాత్ర వహించింది. 1204లో మరణించింది.

పాఠకుల అభిప్రాయాలు: మెచ్చుకోలు, ఆక్షేపణ

నవలను మెచ్చిన పాఠకులు మొదట చెప్పేది పఠనీయత. పేర్లు, వంశాలు, సంస్థానాలు కలగాపులగంగా ఉండే ఆ కాలాన్ని నవల సులభంగా పరిచయం చేసిందని, పాఠ్యపుస్తకంలో నిర్జీవంగా ఉన్న రాణి మనిషిగా కనిపించిందని వారి భావన. ఒక దాంపత్యం ప్రేమతో మొదలై అధికార పోరుగా మారి చివరకు చెరసాలకు చేరిన క్రమమే నవలకు ప్రాణమని వారంటారు. నిర్బంధించినవాడు ఒకప్పుడు ప్రేమించినవాడే కాబట్టి మొదటి భాగంలోని మోహం లేకపోతే చివరి భాగంలోని వేదన నిలవదన్నది వారి వాదం. ఇది తేలికగా కొట్టివేయదగినది కాదు.

నొచ్చుకున్న పాఠకుల ఆక్షేపణలు మూడు రకాలు. మొదటిది శృంగార వర్ణనల ఆధిక్యం. పడకటింటి సన్నివేశాలు మళ్ళీ మళ్ళీ రావడంతో కథ కదలడం లేదని చాలామంది విసుగు వ్యక్తం చేశారు. రెండవది నాయిక చిత్రణ. సొంత సంస్థానాన్ని పాలించిన స్త్రీ నవలలో ప్రధానంగా కోరికలు, అసూయ నడిపించే స్త్రీగా మిగిలిందన్నది ఫిర్యాదు. మూడవది శీర్షికకు సంబంధించినది. పుస్తకం పేరు బందీ రాణి అయినా సగం దాటితే గాని రాణి బందీ కాదు. అయిన తర్వాత ఆ సుదీర్ఘ కాలం త్వరత్వరగా గడిచిపోతుంది. ఏ చెరను చూడాలని పాఠకులు పుస్తకం తెరిచారో ఆ చెరలో వారికి నిలిచే అవకాశం దొరకలేదు.

ఈ ఆక్షేపణల్లో తేదీల తప్పులు, వేషభాషల పొరపాట్లు ప్రధానం కావు. రచయిత్రికి చరిత్ర తెలియదని పాఠకులు అనడం లేదు. తెలిసిన చరిత్రలో ఏది పెద్దదిగా చేయాలో, ఏది చిన్నదిగా చేయాలో అన్న నిర్ణయం వారికి సమ్మతం కాలేదు. చరిత్ర, కల్పన అన్న విభజనతో ఈ అసమ్మతిని వివరించడం సాధ్యం కాదు. దానికి మరో పరిభాష కావాలి.

అలంకారశాస్త్ర పరిభాషలో పాఠకుల ఆక్షేపణలు

ఆ పరిభాష భారతీయ అలంకారశాస్త్రంలో సిద్ధంగా ఉంది. రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో సిద్ధాంతీకరించాడు. ఆ భావాన్ని క్షేమేంద్రుడు ఔచిత్య విచార చర్చలో విస్తరించాడు. మమ్మటుడు కావ్యప్రకాశం సప్తమోల్లాసంలో రసదోషాలను పట్టికగా ఇచ్చాడు. అందులోని నాలుగు దోషాలు పై ఆక్షేపణలకు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి.

పరిపోషం పొందిన రసాన్నే మళ్ళీ మళ్ళీ ఉద్దీపింపజేయడం ‘పునఃపునర్దీప్తి’. శృంగార సన్నివేశాల పునరావృత్తిని గురించి పాఠకులు చెప్పినది ఇదే. హెన్రీ, ఎలియనోర్‌ల మధ్య ఆకర్షణ స్థిరపడిన తర్వాత అదే స్థాయిలో మళ్ళీ వర్ణిస్తే పాత్రలను గురించి కొత్తగా తెలిసేది లేదు. అప్రధానమైన అంగాన్ని అతిగా పెంచడం ‘అంగాతివిస్తృతి’. ప్రధానమైన అంగిని మరచిపోవడం ‘అంగ్యననుసంధానం’. పాలకురాలిని పక్కన పెట్టి ప్రేయసిని పెంచారన్న ఫిర్యాదులో ఈ రెండూ ఉన్నాయి. సమయం కాని సమయంలో రసధారను తెంచివేయడం ‘అకాండచ్ఛేదం’. చెరసాల కాలాన్ని తొందరగా దాటించారన్న ఆక్షేపణకు ఇది సరిపోతుంది.

నవలను మెచ్చినవారి వాదానికి కూడా ఇక్కడే సమాధానం దొరుకుతుంది. మొదటి భాగంలోని మోహం చివరి భాగంలోని వేదనకు ఆధారమన్న మాట నిజమే. అలా చెప్పినప్పుడు మోహం అంగం, వేదన అంగి అవుతాయి. అంగం అంగిని పోషించాలే కాని దాని చోటును ఆక్రమించరాదు. మెచ్చినవారు నవల నిర్మాణ సూత్రాన్ని సరిగా గుర్తించారు. నొచ్చినవారు ఆ సూత్రం అమలులో తప్పిన చోటును గుర్తించారు. ఈ రెండు వర్గాల మధ్య కనిపించే వైరుధ్యం నిజానికి అంత లోతైనది కాదు.

శృంగారంపై ఆక్షేపణ: నీతి వేరు, ఔచిత్యం వేరు

శృంగార వర్ణనపై వచ్చే ఆక్షేపణను ఔచిత్యం పేరుతో అంగీకరించే ముందు ఒక జాగ్రత్త అవసరం. తెలుగు సాహిత్య చరిత్రలోనే దీనికి హెచ్చరిక ఉంది. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని కందుకూరి వీరేశలింగం అశ్లీలమని గర్హించాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పరిష్కరించి ప్రచురిస్తే ప్రభుత్వం నిషేధించింది. పురుషులు రాసిన శృంగార ప్రబంధాలకు దక్కిన సహనం స్త్రీ రచనకు దక్కలేదని నాగరత్నమ్మ వేసిన ప్రశ్న నేటికీ చెల్లుతుంది. స్త్రీ రాసిన నవలలో, స్త్రీ పాత్రకు కోరికలుండడం కొందరికి నచ్చలేదంటే, అది సాహిత్య తీర్పు కంటే సామాజిక సంకోచమే కావచ్చు. వీర్ నవలపై వచ్చిన ఆక్షేపణల్లో ఇలాంటి సంకోచానికి చోటు లేదని చెప్పలేము.

అయితే ఆనందవర్ధనుడు ఈ సమస్యను నీతి దృష్టితో చూడలేదు. కుమారసంభవంలో పార్వతీ పరమేశ్వరుల సంభోగ వర్ణన ప్రస్తావన వచ్చినప్పుడు, అది అనుచితమే అయినా కాళిదాసు ప్రతిభాశక్తి ఆ దోషాన్ని కప్పివేసిందని అభిప్రాయపడ్డాడు. అంటే వర్ణన ఉండడమే దోషం కాదు. దోషంగా పాఠకుని మనసుకు తోచడం ముఖ్యం. ఈ ప్రమాణంతో చూస్తే నవల పాఠకులలో అధికుల మాట నీతిబోధ కాదని స్పష్టమవుతుంది. రాణికి కోరికలున్నందుకు కాక, కోరికలే రాణి అయినందుకు వారు నొచ్చుకున్నారు.

అనుచితమనిపించిన ఘట్టాల మూలాలు

ఇక్కడ చరిత్ర ఆధారాల వైపు తిరగవలసి ఉంటుంది. పాఠకులకు ఎబ్బెట్టుగా తోచిన ముఖ్య కల్పనలలో ఒకటి, హెన్రీని పెళ్ళాడడానికి పూర్వం ఎలియనోర్‌కు అతని తండ్రి జెఫ్రీతో సంబంధం ఉండేదన్నది. ఇది రచయిత్రి సొంతంగా అల్లిన కథ కాదు. వాల్టర్ మ్యాప్, గెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే ఇద్దరు మతాధికారుల రచనల్లో ఇది ఉంది. ఇద్దరూ హెన్రీ ఆస్థానాన్ని ఎరిగినవారే. ఇద్దరూ జెఫ్రీ 1151లో మరణించిన దశాబ్దాల తర్వాత రాసినవారే. వీరిలో గెరాల్డ్ వైరానికి కారణం కూడా తెలుసు. తాను ఆశించిన సెయింట్ డేవిడ్స్ బిషప్ పదవి అతనికి దక్కలేదు. ఆ రాజవంశం మూలంలోనే చెడిపోయిందని నిరూపించడం అతని రచనా లక్ష్యాల్లో ఒకటి. తండ్రితో సంబంధమున్న స్త్రీని కుమారుడు పెళ్ళాడడం నాటి చర్చి చట్టం ప్రకారం నిషిద్ధం. కాబట్టి ఈ కథ రాణి శీలంపై నింద మాత్రమే కాక, ఆమె సంతానపు రాజ్యార్హతపై వేసిన మచ్చ.

ఆంటియోక్ నగరంలో పినతండ్రి రేమండ్‌తో ఎలియనోర్ అతిగా సన్నిహితంగా మెలగిందన్న వదంతి పరిస్థితి కొంత భిన్నం. జాన్ ఆఫ్ సాలిస్బరీ దానిని రాజు మనసులో కలిగిన అనుమానంగా జాగ్రత్తగా నమోదు చేశాడు. తరవాతి రచయితల చేతిలో ఆ అనుమానం నిశ్చయంగా మారింది. రోసమండ్ క్లిఫర్డ్ కథ ఈ క్రమానికి పరాకాష్ఠ. రాజు ప్రియురాలైన రోసమండ్‌ను రాణి విషమిచ్చి చంపించిందని కొన్ని శతాబ్దాల తర్వాత జనశ్రుతి పుట్టింది. రోసమండ్ 1176 ప్రాంతంలో మరణించింది. అప్పటికి రాణి స్వయంగా కాపలాలో ఉంది. ఆమె బందీతనమే ఆమె నిర్దోషిత్వానికి సాక్ష్యమైనా, కథ మాత్రం నిలిచింది.

ఎలియనోర్ విషయంలో నిందలన్నీ ఒకే దిశలో సాగాయి. సొంత భూమిగల స్త్రీ తీసుకున్న రాజకీయ నిర్ణయం ప్రతిదీ కామంతో చేసిన చర్యగా మారింది. ఆధునిక నవల ఆమెను స్వతంత్ర స్త్రీగా చూపాలనుకుంటుంది. అందుకోసం ఆమెను బద్నాం చేయడానికి పుట్టిన కథలనే ఆమె స్వేచ్ఛకు గుర్తులుగా స్వీకరిస్తుంది. నాటి రచయిత ‘ఆమె ఇలాంటిది’ అని నిందించిన చోట నేటి నవల ‘అవును, ఇలాంటిదే, తప్పేమిటి’ అంటుంది. విలువ తారుమారైనా చిత్రం మారలేదు. పాలకురాలు కనిపించడం లేదని పాఠకులు అన్నప్పుడు, గెరాల్డ్ పేరు కూడా వినని పాఠకుడు గెరాల్డ్ నీడను పసిగట్టాడని చెప్పవచ్చు.

కొరతగా తోచిన ఘట్టాల మూలాలు

ఇక చెరసాల కాలం. ఈ 16 ఏళ్ళ గురించి వృత్తాంతాలు దాదాపు మౌనం వహించాయి. మౌనం ఉన్నచోట నవలాకర్త ఏం చేయగలడన్న ప్రశ్న న్యాయమే. కాని మౌనం సంపూర్ణం కాదు. పైప్ రోల్స్ అనే రాజ్య ఖజానా లెక్కల్లో రాణి పోషణకు, దుస్తులకు అయిన ఖర్చులు నమోదయ్యాయి. ఆమె పరిచారిక అమారియా పేరు కూడా ఆ లెక్కల్లోనే మిగిలింది. రాణికీ పరిచారికకూ కలిపి వస్త్రాలు కొన్నట్టు తెలిపే పద్దులో ఒక జీవన దృశ్యమే దాగి ఉంది.

నిర్బంధానికి రాజకీయ తర్కం కూడా ఉంది. వివాహాన్ని రద్దు చేసుకుంటే అక్విటేన్ చేజారే ప్రమాదం ఉందని హెన్రీకి తెలియకపోదు. లూయీకి జరిగింది అదే. 1185లో హెన్రీ ఆమెను నార్మండీకి రప్పించి, అక్విటేన్‌ను తల్లికి అప్పగించమని రిచర్డ్‌ను ఆదేశించాడు. కుమారుణ్ణి లొంగదీయడానికి తండ్రి బందీగా ఉన్న తల్లి హక్కును ఆయుధంగా వాడుకున్నాడు. భూమికి ఆమె ఇంకా యజమానురాలే. తన శరీరంపై మాత్రం ఆమెకు అధికారం లేదు. బందీ రాణి అన్న పదబంధంలోని వైరుధ్యం ఇంతకంటే స్పష్టంగా కనిపించే ఘట్టం మరొకటి ఉండదు.

ఆమె గొంతు వినిపించే సందర్భాలు కూడా రెండు దొరుకుతాయి. 1183లో పెద్ద కుమారుడు యువరాజు హెన్రీ మరణించినప్పుడు, ఆ వార్త చేరక ముందే తనకు ఒక కల వచ్చిందని, అందులో కుమారుని తలపై రెండు కిరీటాలు కనిపించాయని ఆమె చెప్పినట్టు వెల్స్ ఆర్చ్‌డీకన్ థామస్ ఆగ్నెల్లస్ నమోదు చేశాడు. 1189లో విడుదలైన వెంటనే ఆమె రాజ్యంలోని ఖైదీలను విడుదల చేయమని ఆదేశించింది. చెర ఎంత దుర్భరమో, విడుదల ఎంత సంతోషమో ఆమె స్వానుభవంతో తెలుసుకున్నదని ఆనాటి చరిత్ర రచయిత రోజర్ ఆఫ్ హౌడెన్ రాశాడు. 16 ఏళ్ళ అనుభవం ఒక పాలనా నిర్ణయంగా వెలువడిన క్షణమది. పాఠకులు అడిగిన పాలకురాలు, శీర్షిక వాగ్దానం చేసిన బందీ ఇద్దరూ ఒకే స్త్రీ అని చూపడానికి ఇంతకంటే తగిన ఘట్టం దొరకదు.

తెలుగు చారిత్రక నవలకు అన్వయం

ఈ చర్చ తెలుగు విమర్శకు పరాయిది కాదు. రాణి కథానాయికగా తెలుగులో నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ వచ్చింది. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ నేపథ్యం కూడా రుద్రమ కాలమే. రుద్రమ బందీ కాదు కాబట్టి ఇతివృత్తాలను పోల్చడం సరికాదు. ఆధారాల స్వభావంలో మాత్రం పోలిక ఉంది. విదేశీ యాత్రికుడు మార్కోపోలో ఆమె పాలనను మెచ్చుకున్నా, ఆమెను మరణించిన రాజు భార్యగా పొరబడ్డాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె అని శాసనాలు నిర్ధారిస్తున్నాయి. ఆమె మరణ వృత్తాంతం సైతం 1289 నాటి చందుపట్ల శాసనం వల్లనే తెలిసింది. స్త్రీ పాలకురాలిని ఎవరో ఒకరి భార్యగా మాత్రమే ఊహించగలిగిన వృత్తాంతానికీ, ఆమెను పాలకురాలిగానే నమోదు చేసిన శాసనానికీ మధ్య నవలాకర్త దేనిని అనుసరించాడు? తెలుగు చారిత్రక నవలలోని స్త్రీ పాత్రలను పరిశీలించేటప్పుడు ఈ ప్రశ్నను ముందుకు తేవలసి ఉంది. నవల చరిత్రకు కట్టుబడిందా అన్న పాత ప్రశ్న, ఎవరు రాసిన చరిత్రకు కట్టుబడింది అన్న ప్రశ్నగా మారాలి.

ముగింపు

‘ది కాప్టివ్ క్వీన్’పై పాఠకుల అభిప్రాయాలను పరిశీలిస్తే మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, పాఠకుల ఆక్షేపణలు చెల్లాచెదురైన ఇష్టానిష్టాలు కావు. రసదోషాలుగా ఆలంకారికులు గుర్తించిన వాటితో అవి పొసగుతున్నాయి. రెండు, శృంగారంపై ఆక్షేపణలో నీతి సంకోచాన్ని, ఔచిత్య దృష్టిని విడదీసి చూడడం విమర్శకుని బాధ్యత. మూడు, చారిత్రక నవలలో ఔచిత్యం రచనా శిల్పానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. అనుచితంగా తోచిన చోట ఆధారాన్ని తవ్వి చూస్తే అక్కడ ఒక పాత వైరం బయటపడవచ్చు.

పాఠకుని అసంతృప్తి పొరపాటు కూడా కావచ్చు. అందుకే దానిని తీర్పుగా కాక పరిశోధనకు ఆరంభంగా స్వీకరించాలి. ఎలియనోర్ తన చెర గురించి తాను రాసుకున్న మాట ఒక్కటీ మిగలలేదు. ఆమె గురించి ఎక్కువగా మాట్లాడినవారిలో ఆమెను ద్వేషించినవారున్నారు. తక్కువగా మాట్లాడినవి లెక్కల పుస్తకాలు. ఆ తక్కువ మాటలను వినమని రచయితను అడిగినవారు ఈ నవల విషయంలో విమర్శకుల కంటే ముందు సామాన్య పాఠకులే.